వంశధార వరద కబురు ముందే తెలిసే దారి ఉందా?

మాది శ్రీకాకుళం జిల్లా, గొట్టా బ్యారేజీకి దిగువన వంశధార ఒడ్డు పల్లె. ఇక్కడ చినుకు పడకపోయినా, ఒడిశాలో గుణుపురం వైపు గట్టిగా కురిస్తే మాకు వరదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు చూశాం కదా! గేట్లు ఎత్తారన్న కబురు వాట్సాప్‌లో తిరిగి తిరిగి మాకు చేరేసరికి ఒడ్డు పొలాల్లో మోటార్లు మునుగుతుంటాయి. పశువులను తోలుకురావడానికే టైం చాలదు, ఇక మోటార్లు విప్పేదెప్పుడు?

గొట్టాకు ఎగువన, ఒడిశాలోని కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం నీటిమట్టం కొలుస్తుంది. అక్కడ పెరిగిన నీరు గొట్టాకు రావడానికి మామూలుగా ఎన్ని గంటలు పడుతుంది? ఆ లెక్క ఫోన్లో ఎక్కడ చూడాలి?

ఇంకొకటి. మా గెడ్డ (వాగు) వంతెన స్తంభం మీద మీటరు గీతలు గీసి నీటిమట్టం మేమే రాసుకుందామని కుర్రాళ్లు అంటున్నారు. సున్నా ఎక్కడ పెట్టాలి, గెడ్డ అడుగునా? ఇసుక మేట వేస్తే మారిపోదూ? నాగావళి వైపు ఎవరైనా ఇలా చేసి ఉంటే చెప్పండి.