బాగ్దాద్ బ్యాండ్ అక్రాసికాడా: మొదటి ఆల్బమ్ ఆలస్యానికి యుద్ధమే కారణమా?

నల్లటీషర్ట్:
'హెవీ మెటల్ ఇన్ బాగ్దాద్' డాక్యుమెంటరీ (2007) నిన్న రాత్రి మళ్ళీ చూశాను. అందులోని అక్రాసికాడా బ్యాండ్ 2001 ప్రాంతంలో మొదలైంది. పూర్తి ఆల్బమ్ 'గిల్గమేష్' 2015లో వచ్చింది. అడిగితే అందరూ యుద్ధం అంటారు. నేను ఒప్పుకోను. 2009కల్లా వాళ్ళు అమెరికాలో ఉన్నారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఏం చేసినట్టు?

డల్లాస్ బేసిస్ట్:
అన్నా, 2010లో 'ఓన్లీ ద డెడ్ సీ ది ఎండ్ ఆఫ్ ద వార్' వచ్చింది కదా. టెస్టమెంట్ బ్యాండ్ గిటారిస్ట్ అలెక్స్ స్కోల్నిక్ ప్రొడ్యూస్ చేశాడు. అది లెక్కలోకి రాదా?

నల్లటీషర్ట్:
నాలుగు పాటలు. ఈపీ, అంటే చిన్న రికార్డు. ఆల్బమ్ కాదు.

పాతకేసెట్:
మా రోజుల్లో కేసెట్ రెండు వైపులా నిండితేనే ఆల్బమ్ అనేవాళ్ళం.

డల్లాస్ బేసిస్ట్:
పాటల లెక్క పక్కన పెట్టండి. సద్దాం కాలంలో వేదిక ఎక్కాలంటే ఆయన్ని పొగుడుతూ ఒక పాట కట్టాల్సి వచ్చింది. 2003 తర్వాత చంపుతామని బెదిరింపులు. రిహార్సల్ చేసుకునే చోట బాంబు పడింది. డమాస్కస్‌కి పారిపోయారు, అక్కడ్నుంచి టర్కీ. పొట్ట గడవక వాయిద్యాలు అమ్ముకున్నారు. గిటారే లేనివాడు రికార్డింగ్ ఎలా చేస్తాడు?

నల్లటీషర్ట్:
అవన్నీ 2009కి ముందు సంగతులు. నేనడిగింది ఆ తర్వాతి మాట. న్యూజెర్సీలో మెటాలికా బ్యాండ్ షోకి వెళ్తే వాళ్ళ గాయకుడు హెట్‌ఫీల్డ్ స్వయంగా తన గిటార్ ఇచ్చాడు. ఇంకేం కావాలి?

రిఫ్‌రాణి:
ఐరన్ మెయిడెన్ లాంటి పెద్ద బ్యాండ్‌కే మొదటి ఆల్బమ్‌కి 1975 డిసెంబర్ నుంచి 1980 ఏప్రిల్ దాకా పట్టిందండీ. మధ్యలో 'సౌండ్‌హౌస్ టేప్స్' అనే ఈపీ వచ్చింది, అదీ 5000 కాపీలే. వాళ్ళ మీద బాంబులేం పడలేదు.

డల్లాస్ బేసిస్ట్:
గిటార్ ఇస్తే అద్దె కడుతుందా అన్నా? నేను 2012లో ఎమ్మెస్‌కి వచ్చాను. పగలు క్లాసులు, రాత్రి గ్యాస్ స్టేషన్. బేస్ గిటార్ మంచం కింద ఉండేది. యాంప్ పెడితే పక్క ఫ్లాట్ వాళ్ళు గోడ కొట్టేవాళ్ళు. చదువు కోసం వచ్చిన నా పరిస్థితే అది. శరణార్థులుగా వచ్చినవాళ్ళ మాట ఆలోచించండి. చివరికి 2014లో అభిమానుల దగ్గర చందాలు పోగుచేసుకుంటే గానీ 'గిల్గమేష్' పూర్తి కాలేదు.

నల్లటీషర్ట్:
వెళ్ళినవాళ్ళందరూ చెప్పేది ఇదే. నువ్వు వెళ్ళేటప్పుడు మీ బ్యాండ్‌కి ఎన్ని రోజుల ముందు చెప్పావ్? మాది కూకట్‌పల్లిలో డాబా మీద గది. గోడలకి కోడిగుడ్ల అట్టలు నేనే అంటించాను. ఐదేళ్ళకి తొమ్మిది పాటలు తయారయ్యాయి. స్టూడియోకి అడ్వాన్స్ కట్టాం. మూడు పాటలకి డ్రమ్స్ అయ్యాక, వీసా వచ్చింది, వచ్చే వారం ఫ్లైట్ అన్నాడు మా డ్రమ్మర్. ఆ హార్డ్ డిస్క్ ఇంకా నా బీరువాలోనే ఉంది.

రిఫ్‌రాణి:
అయ్యో.

డల్లాస్ బేసిస్ట్:
పది రోజుల ముందు చెప్పాను. నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు, నేను ఆగే పరిస్థితి లేదు. మీ డ్రమ్మర్‌కీ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. దానికి బాగ్దాద్ వాళ్ళని ఎందుకు తప్పుపడతారు?

నల్లటీషర్ట్:
తప్పుపట్టడం కాదు. చెల్లాచెదురైన నలుగురూ డమాస్కస్‌లో మళ్ళీ ఒక్కచోట చేరారు. ప్రాణం మీదికొచ్చినా బ్యాండ్‌ని వదల్లేదు. అలాంటివాళ్ళు తీరా అమెరికా చేరాక ఆరేళ్ళు ఆగారంటే నాకు కడుపు మండుతుంది. మావాడు వెళ్ళినందుకు కాదు నా బాధ. వెళ్ళాక ఒక్కసారి కూడా ఆ పాటల ఊసెత్తలేదు.

డల్లాస్ బేసిస్ట్:
నేనూ ఎత్తలేదు. ఎత్తితే మావాళ్ళు ఏమంటారోనని భయం.

పాతకేసెట్:
ఆ మూడు పాటలైనా ఇక్కడ వినిపించండి.

నల్లటీషర్ట్:
గొంతు లేదు, బేస్ లేదు. డ్రమ్స్, నా గిటార్, అంతే. దాన్ని ఈపీ అని కూడా అనను.