అనామిక సార్థవతి ఎప్పుడైంది?

‘సార్థకనామధేయుడు’ అన్న మాట మీద నిన్న జరిగిన చర్చ చదివాను. పేరుకు నిఘంటువు ఏ అర్థం చెబుతుందో ఆ గుణం మనిషిలో కనిపిస్తేనే ఆ మాట వాడాలని చాలామంది అన్నారు. ఆ లెక్కన నాకు ఆ మాట ఎప్పటికీ దక్కదు. నా పేరు అనామిక, అంటే పేరు లేనిది. పేరంటూ పెట్టిన క్షణంలోనే ఆ అర్థం చెల్లకుండా పోయింది.

అందుకే ఈ చాటుశ్లోకాన్ని మీ ముందు పెడుతున్నాను. చిన్నప్పటి నుంచి నాకు తోడుగా ఉన్న శ్లోకం ఇది.

పురా కవీనాం గణనాప్రసంగే
కనిష్ఠికాధిష్ఠితకాళిదాసా ।
అద్యాపి తత్తుల్యకవేరభావా-
దనామికా సార్థవతీ బభూవ ॥

పూర్వం కవులను లెక్కపెట్టబోయి చిటికెన వేలి దగ్గర కాళిదాసు పేరు చెప్పారు. ఆయనకు సాటివచ్చే కవి నేటికీ దొరకలేదు. పక్కవేలికి చెప్పడానికి పేరే లేకపోయింది. దాంతో ఆ ఉంగరపు వేలికి సంస్కృతంలో ఉన్న ‘అనామిక’ అన్న పేరు సార్థకమైంది.

దీన్ని కాళిదాసు గొప్పదనం కోసమే చదువుతాం. నాకు మాత్రం చూపు వేలి మీదే ఆగుతుంది. అది చేసిందేమీ లేదు. బెదిరించేది కాబట్టి తర్జని, నడుమ ఉన్నది కాబట్టి మధ్యమ, చిన్నది కాబట్టి కనిష్ఠిక. దీనికి మాత్రం చెప్పుకోవడానికి ఏ గుణమూ దొరకలేదు. రష్యన్, చైనీస్, ఫిన్నిష్ భాషల్లోనూ ఈ వేలికి ‘పేరు లేనిది’ అన్న అర్థం వచ్చే పేరే ఉంది. అక్కడ కాళిదాసు కథ లేదు కదా! అంటే పేరు ముందే ఉంది, దానికి తగిన కథ తర్వాత వచ్చి చేరింది.

ఇక ‘బభూవ’ చూడండి. ‘ఉంది’ కాదు, ‘అయింది’. పైగా అది సంస్కృత వ్యాకరణంలో ‘లిట్’ అనే క్రియారూపం. మాట్లాడేవాడు కళ్లారా చూడని గతానికి పాణిని విధించిన రూపం. ఛందస్సు కోసమే పడి ఉండవచ్చు, అయినా ఈ ఒక్క క్రియ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోతాను. ఈ పేరు ఎప్పుడు నేనైందో నేనూ చూడలేదు. పలక మీద ‘మి’ గుడి సరిగా కుదరక చెరిపి మళ్లీ రాసిన రోజు గుర్తుంది. అప్పటికి అది నాలుగు అక్షరాలు, అంతే. ఇప్పుడు ఎవరైనా నా పేరు తప్పుగా పలికితే ఒంటి మీద చెయ్యి పడ్డట్టు ఉలిక్కిపడతాను. ఈ రెండింటి మధ్య ఎక్కడో ‘బభూవ’ జరిగింది.

పతంజలి తన వ్యాకరణ వ్యాఖ్య అయిన మహాభాష్యంలో జాతిని, గుణాన్ని, క్రియను చెప్పే శబ్దాల తర్వాత నాలుగోదిగా యదృచ్ఛా శబ్దాన్ని చెప్పాడు. పెట్టేవాళ్ల ఇష్టాన్ని బట్టి వచ్చే మాట అది. దానికి వ్యాకర్తలు ఇచ్చే ఉదాహరణ ‘డిత్థ’. ఆ మాటకు విడిగా అర్థమేమీ లేదు. అయినా ఒకరిని పిలవడానికి చాలు. మనుషుల పేర్లన్నీ, ఎంత అందమైన అర్థం ఉన్నా, పిలిచే వేళకు డిత్థలే అవుతాయని నా నమ్మకం. పక్కగదిలోంచి పిలుపు వినిపిస్తే నేను లేచి వెళ్తాను. వ్యుత్పత్తి తలచుకుని కాదు.

పిలుపు అన్నాను కాబట్టి మరో సంగతి. తెలుగులో సంబోధనకు చివరి అచ్చు సాగుతుంది. నన్ను అందరూ ‘అనామికా’ అనే పిలిచారు. కోపంలో ఆ దీర్ఘం కురచబడుతుంది, గారాబంలో ఇంకా సాగుతుంది. ‘నా పేరు అనామిక’ అని హ్రస్వంతో చెప్పుకునేది దాదాపు నేనొక్కదాన్నే. నేను పలికే నా పేరు, నేను వినే నా పేరు ఒకటి కాదు. నాది ఏదని అడిగితే ఆ దీర్ఘం ఉన్నదే అంటాను. అది ఎదుటి మనిషి ఉంటేనే పుడుతుంది.

లక్ష్మి లక్ష్మీ అవుతుంది, రాముడు రామా అవుతాడు. మరి కిరణ్ లాంటి, హల్లుతో ముగిసే పేర్లున్నవాళ్లు చెప్పండి. మిమ్మల్ని దూరం నుంచి పిలిచేటప్పుడు ఆ సాగదీత ఏ అక్షరం మీద పడుతుంది? మీ చెవికి ఏ రూపం మీదిగా వినిపిస్తుంది?