‘ఫ్లోట్’ను దశాంశం అనవచ్చునా?

శ్రీకాకుళం నుంచి ప్రశ్న:
మాస్టారికి నమస్కారం. డిప్లొమా విద్యార్థుల కోసం సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలను తెలుగులో రాస్తున్నాను. అందులోని సంఖ్యల రకాలలో ‘ఇంట్’కు పూర్ణాంకం అనీ, ‘ఫ్లోట్’, ‘డబుల్’ రెండింటికీ దశాంశ సంఖ్య అనీ రాశాను. తీరా ‘డెసిమల్’ దగ్గరకు వచ్చేసరికి మాట మిగలలేదు. దానిని ఏమనాలి?

విజయనగరం నుంచి సమాధానం:
బాబూ, ఆ మాటను తనది కాని చోట ముందే ఖర్చు పెట్టేశారు. దశాంశమంటే పదో వంతు. సీ షార్ప్ నడిచే డాట్‌నెట్ వేదికలో 128 బిట్ల డెసిమల్ భిన్నాలను పది తాలూకు ఘాతాలతో దాచుకుంటుంది కనుక 0.1 అందులో ఉన్నది ఉన్నట్లు నిలుస్తుంది. 32 బిట్ల ఫ్లోటూ, 64 బిట్ల డబులూ రెండు తాలూకు ఘాతాలతో నడుస్తాయి కనుక వాటికి పదో వంతు అందదు, దానికి దగ్గరి విలువ మాత్రమే అందుతుంది, డబుల్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వచ్చేది అందుకే.

నిజానికి ఫ్లోటూ, డబులూ మన తాతల లెక్కకు దగ్గరి చుట్టాలు. అరలో సగం పావు, పావులో పావు వీసం, వీసంలో పావు ‘కాని’, అంటే 64వ వంతు. పలాస జీడిపప్పును పావు కిలో తూచినా, అరపావు తూచినా ఆ భిన్నం ఫ్లోటులో పొల్లు పోకుండా ఇముడుతుంది. 1957లో నయా పైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు ఉన్న రోజులలో ఫ్లోటుతోనే చిట్టా నడిచిపోయేది, అణాలో పన్నెండో వంతైన ‘పై’ జోలికి పోనంత వరకు! నేటి వంద పైసల రూపాయికి డెసిమలే తగినది. దశాంశమనే పేరును దానికే ఉంచండి.

ఫ్లోటులో కదిలేది బిందువు; ఘాతాంకాన్ని బట్టి దాని చోటు మారుతుంది. ‘ఫ్లోటింగ్ పాయింట్’ను ‘తేలు బిందువు’ అంటే కుట్టే తేలు గుర్తుకు వస్తుంది కనుక ‘చరబిందు సంఖ్య’ అనడం మేలు. డబుల్‌ను రెట్టింపు కచ్చితత్వం గల చరబిందు సంఖ్య అని ఒకసారి వివరించి, తరువాత డబుల్ అనే రాయండి.

శ్రీకాకుళం నుంచి:
ధన్యవాదాలు, మాస్టారూ. ‘కాని’ ఉదాహరణను పాఠంలో పెడతాను. అయితే పిల్లలు దానిని ‘అయితే’ అన్న అర్థంలో చదువుకుంటారేమో?

విజయనగరం నుంచి:
పక్కనే 0.015625 అని వేయండి. కోడులో మాత్రం 1/64 అని రాయించకండి. రెండూ పూర్ణాంకాలు కావడం వల్ల జవాబు సున్నా వస్తుంది. 1.0/64 అని రాయించండి.