అమోక్సిసిలిన్ మొదలుపెట్టిన ఆరో రోజు మచ్చలు: ఇక పెన్సిలిన్ ఎప్పటికీ వద్దా?

చిన్నోడి అమ్మ:
మా నాలుగేళ్ల బాబుకి చెవి ఇన్ఫెక్షన్‌కి పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్ అయిన అమోక్సిసిలిన్ సిరప్ ఇచ్చారు. ఆరో రోజు పొట్ట మీద, వీపు మీద ఎర్రటి చిన్న మచ్చలు లేచాయి. ముఖం వాయలేదు, దురద పెద్దగా లేదు, ఆడుకుంటూనే ఉన్నాడు. మందు ఆపాక తగ్గిపోయాయి. ఫైలు మీద మాత్రం ఎర్ర ఇంకుతో ‘పెన్సిలిన్ అలర్జీ’ అని రాసేశారు. పెద్దయ్యాక కూడా ఇదేనా? రక్త పరీక్షలో తేలుతుందా?

అలర్జీ క్లినిక్ నర్సు:
ఇలాంటి ఎర్ర ఇంకు ఫైళ్లే మా దగ్గరికి ఎక్కువ వస్తాయండి. మేం మొదట అడిగేది, ఎప్పుడు వచ్చాయని. మందు వేసిన గంటలోపే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అది ఐజీఈ యాంటీబాడీల (అలర్జీ రేపే రక్తంలోని ప్రోటీన్ల) వల్ల వచ్చే తక్షణ అలర్జీ అని అనుమానిస్తాం. కోర్సు మధ్యలో మెల్లగా తేలే మచ్చల కథ వేరు. పిల్లల్లో చాలాసార్లు అవి మందు వల్ల కాదు, ఒంట్లో ఉన్న వైరస్ వల్లే వస్తాయి. పెన్సిలిన్ పడదని రాసి ఉన్నవాళ్లని పరీక్షిస్తే 100లో 90 మందికి పైగా హాయిగా తట్టుకుంటారు.

రక్త పరీక్ష మీద ఆశ పెట్టుకోకండి. నెగెటివ్ వచ్చినా అలర్జీ లేదని చెప్పలేం, పైగా అది వెతికేది ఐజీఈనే, బాబుది ఆ రకంలా లేదు. తేల్చేది మందు మళ్లీ ఇచ్చి చూడడమే. క్లినిక్‌లో డోసు ఇచ్చి, తీవ్ర అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా పెట్టుకుని గమనిస్తాం. ఇంత తేలికపాటి కేసుల్లో చాలామంది నిపుణులు చర్మ పరీక్ష (చర్మంలో కొద్దిగా మందు గుచ్చి చూడడం) కూడా అడగరు. ఇంట్లో మాత్రం ప్రయత్నించొద్దు!

పాత పేషెంటు:
అందరికీ ఇలా చెప్పేస్తే ఎలాగండీ? నాకు ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే గొంతు బిగుసుకుపోయి, బీపీ పడిపోయింది. ఏళ్లు గడిచినా టెన్షనే.

అలర్జీ క్లినిక్ నర్సు:
మీ భయం న్యాయమే. మీకైతే ముందు చర్మ పరీక్ష, అది నెగెటివ్ అయితేనే మాత్ర. ఇలాంటి అలర్జీ కూడా పదేళ్లలో దాదాపు 80 శాతం మందికి పోతుంది కాబట్టి అడిగి చూడండి. బొబ్బలు కట్టి చర్మం ఊడినవాళ్లకి, నోట్లో, కళ్లలో పుళ్లు పడినవాళ్లకి మాత్రం ఆ మందు మళ్లీ ఇచ్చి చూడం.

చిన్నోడి అమ్మ:
మచ్చల ఫోటోలున్నాయి. ఇంకేం తీసుకెళ్లాలి?

అలర్జీ క్లినిక్ నర్సు:
మొదటి డోసు తేదీ, మచ్చలు తేలిన తేదీ, అప్పుడు వాడిన మిగతా మందులు. జ్వరానికి, నొప్పికి ఐబుప్రొఫెన్ ఇచ్చారేమో చూడండి, దాని తప్పు కూడా యాంటీబయాటిక్ మీదికే పోతుంటుంది. జలుబు సిరప్‌లో యాంటీహిస్టమిన్ (అలర్జీని అణచే మందు, పరీక్షలో రియాక్షన్‌ని దాచేస్తుంది) ఉంటే ఎప్పుడు ఆపాలో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.