గాలి హోరు వింటే కీళ్లు పట్టేస్తున్నాయి, ఎవరికైనా ఇలా ఉందా?

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర ఉద్దానం పల్లె. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్టు మా రేకుల ఇంటి మీద పడి అమ్మ కాలు విరిగింది. తెల్లారేదాకా చీకట్లో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. జీడితోట మొత్తం నేలమట్టం. అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. నేనే ఆ రాత్రి దగ్గర ఆగిపోయాను.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లు వాచి నొప్పి పెట్టే కీళ్లవాతం. దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ మందు వేసుకుంటున్నాను, ఎప్పుడూ మానలేదు. అయినా టీవీలో వాయుగుండం అని వినగానే గుండె దడ, రాత్రంతా నిద్ర ఉండదు. రెండు మూడు రోజుల్లో వేళ్లు వాచిపోయి పొద్దున్నే జడ కూడా వేసుకోలేను. డాక్టరు గారు "టెన్షన్ పడకమ్మా" అంటారు. పడకుండా ఎలా ఉండాలో ఎవరూ చెప్పరు. ఇంట్లో చెబితే "ఎప్పటిదో కదా" అంటారు, ఆ మాటే ఎక్కువ బాధ.

ఇలాంటి జబ్బుతో పాత భయాన్ని తట్టుకున్నవాళ్లు ఉన్నారా? మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసినవాళ్లు ఉంటే, ఓపిగ్గా విన్నారా? కౌన్సెలింగ్ మొదలుపెట్టాక నొప్పులు తగ్గాయా, లేక ఆ సంగతులు మాట్లాడటం వల్ల ముందు పెరిగాయా? అక్టోబర్ వచ్చేలోపు ఏదో ఒకటి మొదలుపెట్టాలని ఉంది. మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి.