రెండు స్విచ్‌ల మధ్య మల్టీకాస్ట్ వరదను ఆపేదెలా?

నమస్కారం. మాది రాయగడ. ఇక్కడో రైస్ మిల్లులో సీసీ కెమెరాల నెట్‌వర్క్ చూస్తుంటాను. గోడౌన్ స్విచ్‌కీ ఆఫీసు స్విచ్‌కీ మధ్య 100 ఎంబీపీఎస్ వైర్‌లెస్ లింకు. ఎవరూ చూడకపోయినా కెమెరాల మల్టీకాస్ట్ (ఒకే వీడియోను అడిగిన వాళ్లందరికీ ఒకేసారి పంపే పద్ధతి) మొత్తం లింకు దాటి వచ్చేస్తోంది, బిల్లింగ్ కంప్యూటర్‌ది నత్తనడక.

ఐజీఎంపీ స్నూపింగ్ (ఏ పోర్టు వైపు ఎవరు ఏ వీడియో అడిగారో స్విచ్ గమనించే సదుపాయం) పెట్టి, ఎవరూ అడగని మల్టీకాస్ట్‌ను ఆపేయమంటే లింకు ఖాళీ అవుతోంది. కానీ నాలుగు నిమిషాలు దాటగానే చూస్తున్న వీడియో కూడా ఆగిపోతుంది! మల్టీకాస్ట్ రూటర్ లేదు కదా, క్వెరీలు (ఇంకా ఎవరైనా చూస్తున్నారా అని అడిగే సందేశాలు) రాక 260 సెకన్లకు గ్రూపు ఎంట్రీ (ఆ వీడియో అడిగినవాళ్ల నమోదు) పోతోందని నా అనుమానం.

మరి ఆ క్వెరీలు పంపే క్వెరియర్ ఏ స్విచ్‌లో పెట్టాలి? ఆఫీసువైపు పెడితే అన్ని స్ట్రీములూ క్వెరియర్ ఉన్న దిక్కుకే పోతాయి, మళ్లీ మొదటికే వస్తుందేమో. గోడౌన్‌వైపు పెడితే ఆఫీసు టీవీకి ఇబ్బందా? రెండూ మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్‌లే, ఐజీఎంపీ వెర్షన్ 2. కొత్త రూటర్ కొనమని మాత్రం అనకండి, మా షావుకారు ఒప్పుకోరు.