మధ్యగోడను అడుగున్నర జరపాలా, వద్దా? ఆ చోటు బాత్‌రూమ్‌కా, పడకగదికా?

మధ్యగోడ:
పై అంతస్తులో మా పడకగది, దాన్ని ఆనుకుని ఉన్న బాత్‌రూమ్ కలిపి 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు. హాలు వైపు తలుపు తీసి లోపలికి రాగానే 3 అడుగుల నడవా వస్తుంది. దాని పక్కన 5 × 7.5 అడుగుల బాత్‌రూమ్. ఆ రెండూ దాటితే 11 × 11.5 అడుగుల గది. 6 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల పొడవు ఉన్న మంచం తలవైపు బయటి గోడకు ఆనుకుని ఉంది. దానికి ఎదురుగా లోపలి గోడకు 2 అడుగుల లోతు అలమరా.

బాత్‌రూమ్ టైల్స్ పాడయ్యాయి, ఎలాగూ తవ్వి తీయాలి. ఇదే అదనుగా మధ్యగోడను గదిలోకి అడుగున్నర జరిపి బాత్‌రూమ్‌ను 6.5 × 7.5 చేయాలని నా పట్టుదల. స్నానం చేసిన నీళ్లు కమోడ్ దాకా పారి రోజంతా నేల తడిగానే ఉంటోంది. పొద్దున్న ఇద్దరం ఒకేసారి తయారవాలంటే ఒకరు బయట నిలబడాల్సిందే. గదిలో చేసేది నిద్రపోవడమే కదా, దానికి అంత చోటు ఎందుకు అన్నది నా వాదన. మా ఆయన మాత్రం గదిలోంచి అంగుళం కూడా ఇవ్వనంటున్నారు. మీరేమంటారు?

కొలతలమనిషి:
మీ ఆయన పక్షమే నాది, కారణం లెక్కలో ఉంది. గోడ అడుగున్నర జరిగితే గది పోగొట్టుకునేది 1.5 × 11, అంటే 16.5 చదరపు అడుగులు. బాత్‌రూమ్‌కు దక్కేది 1.5 × 7.5, అంటే 11.25 మాత్రమే. మిగిలిన 5.25 చదరపు అడుగులు ఎక్కడికి పోయాయి? నడవా అడుగున్నర పొడుగైంది, దాని పక్క గోడ కూడా అంతే పొడుగైంది. ఎవరికీ పనికిరాని చోటు కోసం గదిని కోస్తున్నారన్నమాట.

ఇక గదిలో మిగిలేది చూడండి. చదరపు అడుగులు పక్కన పెట్టి, మంచం వేశాక ఎంత సందు మిగులుతుందో అది కొలవాలి. ఇప్పుడు 11.5లో మంచం 6 పోగా అటూ ఇటూ 2.75 అడుగుల చొప్పున ఉంది. గోడ జరిగితే 2 అడుగులే. నడిచి వెళ్లడానికి 2 అడుగులు చాలు. కానీ అదే సందులో పరుపు అంచు ఎత్తి దుప్పటి కింద దోపాలని వంగండి, వెనక గోడ తగులుతుంది. కిటికీ వైపు తెర లాగడానికి పక్కకు తిరిగి దూరాలి. అలమరా పొడవూ ఆ మేరకు తగ్గుతుంది. అది చిన్న నష్టం కాదు.

మీ అసలు బాధ తడి నేల. దానికి గోడ జరపక్కర్లేదు. 7.5 అడుగుల పొడవులో కిటికీ ఉన్న బయటి గోడ వైపు 3 అడుగులు షవర్‌కు వదలండి. తర్వాత రెండున్నర అడుగులు కమోడ్‌కు. కమోడ్ మధ్యగీత నుంచి రెండు పక్కలా కనీసం 15 అంగుళాలు ఉండాలి కాబట్టి ఆ కొలత సరిపోతుంది. చివరి 2 అడుగులు వాష్‌బేసిన్‌కు. మొత్తం ఏడున్నర. కమోడ్, బేసిన్ రెండూ హాలు వైపు గోడకే పెడితే నీళ్లు వదిలినప్పుడు వచ్చే చప్పుడు మంచం దాకా అంతగా రాదు. కమోడ్ గోడ నుంచి 28 అంగుళాలు ముందుకు వచ్చినా ఎదురుగా ఇంకా 32 అంగుళాలు ఉంటాయి. షవర్‌కూ కమోడ్‌కూ మధ్య కదలని గాజు పలక ఒకటి నిలబెట్టి, షవర్ నేలను అర అంగుళం దించి వాలు ఇస్తే నీళ్లు ఇవతలికి రావు.

మధ్యగోడ:
లెక్క అర్థమైంది, నడవా సంగతి నాకు తట్టలేదు. మరి బాత్‌రూమ్ తలుపు? ఇప్పుడు లోపలికి తెరుచుకుంటుంది. రెండున్నర అడుగుల రెక్క తిరిగే మేర ఏమీ పెట్టలేం కదా. గోడకు వేలాడే కమోడ్ పెడితే చోటు కలిసొస్తుందా?

కొలతలమనిషి:
నడవా వైపు గోడ 5 అడుగులు. రెండున్నర అడుగుల తలుపు ఆ గోడ వెంబడే పక్కకు జరిగేలా పెట్టండి, కొలత అచ్చంగా సరిపోతుంది. వేలాడే కమోడ్ విషయంలో దాని ట్యాంకు ఎక్కడ దాక్కుంటుందో ముందు అడగండి. ఉన్న గోడలో అది ఇమిడితే చోటు కలిసొస్తుంది. దాని కోసం ముందుకు ఇంకో గోడ కడితే ఆదా అయినదంతా ఆ గోడే మింగేస్తుంది. నేల తుడవడం సులువన్నది నిజమే, అందుకోసమైతే పెట్టుకోండి.

చెవులు_చురుకు:
పక్కకు జరిగే తలుపుకు చుట్టూ సందులుంటాయి. చప్పుడూ వాసనా గదిలోకి వస్తాయి. ఒకరు తెల్లవారకముందే లేచే ఇల్లయితే రెండోవారి నిద్ర పోయినట్టే. మామూలు తలుపే బయటికి తెరుచుకునేలా పెట్టమని నా సలహా. తెరిచినంతసేపు నడవా మూసుకుపోతుంది, అంతే కదా.

అమ్మతోడు:
బయటికి తెరుచుకునే తలుపు అన్న మాటకు నేనూ ఓటు వేస్తాను, ఇంకో కారణంతో. లోపల ఎవరైనా తూలి తలుపుకు అడ్డంగా పడితే, లోపలికి తెరుచుకునే తలుపును బయటి నుంచి తోయలేం.

కానీ గోడ విషయంలో నేను పూర్తిగా మీ పక్షం, మధ్యగోడ గారూ. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమెను చూసుకుంటున్నది నేనే. మా బాత్‌రూమూ 5 అడుగుల వెడల్పే. ఆమె కమోడ్ మీద నుంచి లేవాలంటే ఒక చేత్తో వాకర్ పట్టుకుంటుంది, రెండో చంక కింద నేను చెయ్యి వేయాలి. ఆ చెయ్యి వేసి నిలబడే చోటు లేదు. ఒక కాలు షవర్ వాలులో, ఒక కాలు బయట పెట్టుకుని లేపుతాను. మోచేయి ప్రతిసారీ బేసిన్ కుళాయికి కొట్టుకుంటుంది. కమోడ్ పక్కన 15 అంగుళాలు చాలన్న లెక్క ఒంటరిగా, ఆరోగ్యంగా ఉన్న మనిషికి వేసినది. పక్కన ఇంకో మనిషి నిలబడాలంటే ఒక వైపైనా 3 అడుగులు కావాలి. చక్రాల కుర్చీ వెనక్కి తిరగాలంటే 5 అడుగుల వలయం ఖాళీగా ఉండాలి, మీరు పెంచుదామనుకున్న కొలతలో కూడా అది కష్టమే.

మంచం సందులు తగ్గుతాయన్నదే బాధ అయితే మంచమే 5 అడుగులది తీసుకోవచ్చు. 10లో 5 పోతే అటూ ఇటూ రెండున్నర, ఇప్పటికంటే మూడంగుళాలే తక్కువ. మంచం మార్చడం ఎప్పుడైనా కుదురుతుంది. గోడ మార్చడం మళ్లీ పదిహేనేళ్లకు గానీ కుదరదు.

కొలతలమనిషి:
5 అడుగుల మంచం మీద ఇద్దరు పడుకుంటే మనిషికి రెండున్నర అడుగులు. రోజుకు ఎనిమిది గంటలు సర్దుకోమని చెప్పి అరగంట వాడే చోటును పెంచడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

అమ్మతోడు:
ఆ అరగంటలోనే మనుషులు జారి పడుతున్నారు. గంటలతో కొలవకండి.

స్లాబుపనివాడు:
ఇద్దరూ గది లోపలి కొలతల దగ్గరే ఆగిపోయారు. నేల కింద ఏముందో చూడండి. పై అంతస్తు అన్నారు కదా, బాత్‌రూమ్ ఉన్న మేరకు స్లాబును కిందికి దించి పోసి ఉండవచ్చు, పైపులు ఆ గుంటలో నడుస్తాయి. గోడ జరిపితే కలిసే అడుగున్నర మామూలు స్లాబు. అక్కడ పైపు వేయాలంటే నేల ఎత్తాలి, అంటే బాత్‌రూమ్ మధ్యలో మెట్టు. వాకర్‌తో నడిచేవారికి ఆ మెట్టు కంటే ప్రమాదం ఇంకొకటి లేదు. అందుకే ఆ అడుగున్నరను పొడిగా ఉంచి, పైపులు అవసరంలేని అలమరాకో నిలబడే చోటుకో వాడితేనే ఈ ఆలోచన నిలుస్తుంది.

వాటర్‌ప్రూఫింగ్ అతుకు కూడా అక్కడే పడుతుంది. పాత పొర, కొత్త పొర కలిసే గీత దగ్గరే ముందుగా నీళ్లు దిగుతాయి, కింది గది సీలింగ్ మీద మచ్చ కనబడేదాకా తెలియదు. జరపదలిస్తే పాత పొర మొత్తం తీసి ఒకే పొరగా కొత్తది వేసి, గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు ఎక్కించండి. తర్వాత నీళ్లు నింపి రెండు రోజులు నిలవ ఉంచి, కింద తడి రాలేదని చూసుకున్నాకే టైల్స్ వేయనివ్వండి.

మూడోది బరువు. ఏడున్నర అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, సగం ఇటుక మందం ఉన్న గోడ ప్లాస్టరుతో కలిపి ఒకటిన్నర టన్నుకు పైనే తూగుతుంది. ఇప్పటి గోడ కింద దూలం ఉంటే, కొత్త చోట కింద ఏమీ ఉండకపోవచ్చు. ఇంజనీరు వచ్చి చూడనిదే ఒక్క ఇటుక కూడా జరపకండి. తేలికపాటి బ్లాకులతో కడితే భారం బాగా తగ్గుతుంది.

మధ్యగోడ:
మెట్టు మాట విన్నాక నా పట్టు సడలింది. మా అత్తగారు ఏడాదిలో కొన్ని నెలలు ఈ గదిలోనే ఉంటారు. గోడ ఉన్నచోటే ఉంచి, కొలతలమనిషి గారు చెప్పిన వరుసలో పెట్టి, తలుపు బయటికి తెరుచుకునేలా మారుస్తాం. కమోడ్ పక్కన మనిషి నిలబడే చోటు మాత్రం ఎలా తేవాలో తెలియడం లేదు.

అమ్మతోడు:
గాజు పలక పెట్టకండి. కమోడ్ పక్కనున్న షవర్ భాగాన్ని గట్టు లేకుండా, వాలు మాత్రమే ఇచ్చి తెరిచి ఉంచి, తెర వేలాడదీయండి. తెర లాగేస్తే ఆ 3 అడుగులూ మీకు నిలబడే చోటు అవుతాయి. నీళ్లు కొంచెం ఇవతలికి వస్తాయి, తుడుచుకోవచ్చు.

స్లాబుపనివాడు:
అలాగైతే వాలు అడుగుకు పావు అంగుళం తగ్గకుండా చూసుకోండి, నీళ్లు పోయే జాలీని బయటి గోడ అంచుకు పెట్టించండి. పట్టుకునే కడ్డీ 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో రావాలి. బోలు ఇటుక ఉంటే ఆ చోట ఇప్పుడే కాంక్రీటు నింపించాలి, టైల్స్ వేశాక బోల్టు బిగిస్తే ఊడి వస్తుంది.

కొలతలమనిషి:
తెర విషయంలో నాకు అభ్యంతరం ఉంది, నేల మళ్లీ తడుస్తుంది. సగం వెడల్పు గాజు పలకను కీలు మీద గోడకు మడిచేలా పెట్టించవచ్చు. రెండింటికీ చోటు ఒకటే, ఖర్చు తేడా. మీ మేస్త్రీని రెండూ అడిగి చూడండి.